ముందస్తు అంచనాల విలువ: 2025–26 సీజన్ ముంగిట బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్

అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ప్రతి ఏటా అక్టోబరు నాటికి ముందస్తు అంచనాలు వరసగా వెలువడతాయి. ఒక కాన్ఫరెన్స్‌లోని జట్లన్నిటినీ పరిశీలించి, నవంబరు మొదట్లో ఆరంభమై ఏప్రిల్ తొలి వారం దాకా సాగే సీజన్‌లో ఏ జట్టు ఏ స్థానంలో నిలుస్తుందో ఆట మొదలుకాకముందే చెప్పడం ఈ అంచనాల పని. కాన్ఫరెన్స్ అంటే కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న పోటీ మండలి. సభ్య జట్లు తమలో తాము నిర్ణీత సంఖ్యలో ఆటలు ఆడి విజేతను తేల్చుకుంటాయి. ఆ తర్వాత, కళాశాల క్రీడలకు దేశవ్యాప్తంగా నియమాలు చేసే ఎన్‌సీఏఏ అనే సంఘం నిర్వహించే 68 జట్ల జాతీయ టోర్నమెంటులో చోటు కోసం ఇతర కాన్ఫరెన్స్‌ల జట్లతో పోటీపడతాయి. అందువల్ల ఒక కాన్ఫరెన్స్ గురించిన అంచనాలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉంటాయి: లోపలి పోటీలో ఎవరు గెలుస్తారన్నది మొదటిది, మొత్తం కాన్ఫరెన్స్ దేశంలో ఏ స్థాయిలో నిలుస్తుందన్నది రెండోది.

కోచ్‌ల ఓటు, విలేఖరుల ఓటు, గణాంక నమూనా అనే మూడు మార్గాల్లో ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం ఆనవాయితీ. మూడింటికీ ఆదరణ ఉన్నా, వాటి గత ఫలితాలను పక్కన పెట్టుకుని చూసే అలవాటు పాఠకుల్లో గాని, రచయితల్లో గాని ఎక్కువగా లేదు. ఈ వ్యాసం బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌ను ఉదాహరణగా తీసుకుని, అంచనాలు ఎక్కడ నిలిచాయో, ఎక్కడ కూలాయో, ఎందుకు కూలాయో సమీక్షించి, ఆ వెలుగులో 2025–26 సీజన్‌ను ముందుగా పరిశీలిస్తుంది. స్థానాల జాబితా కన్నా, ఆ జాబితా ఏ షరతుల మీద ఆధారపడి ఉందో చెప్పే వివరణే పాఠకునికి నిజంగా ఉపయోగపడుతుందన్నది ఇక్కడి ప్రతిపాదన.

కాన్ఫరెన్స్ స్వరూపం

బిగ్ ఈస్ట్ 1979లో, ప్రావిడెన్స్ కళాశాల కోచ్‌గా పేరు పొందిన డేవ్ గావిట్ చొరవతో ఏర్పడింది. ఈశాన్య అమెరికాలోని పెద్ద నగరాల కళాశాలలను ఒకచోట చేర్చి, వాటి ఆటలను టెలివిజన్ ద్వారా నగర ప్రేక్షకులకు అందించాలన్నది ఆయన ఆలోచన. అదే సంవత్సరం సెప్టెంబరులో ఈఎస్‌పీఎన్ అనే క్రీడా చానెల్ ప్రసారాలు మొదలుపెట్టడం, దానికి రోజంతా చూపించదగ్గ ఆటలు కావలసి రావడం కాన్ఫరెన్స్‌కు కలిసివచ్చింది. ఆరేళ్ళు తిరగకుండానే, 1985లో, జాతీయ టోర్నమెంటు చివరి నాలుగు జట్లలో జార్జ్‌టౌన్, సెయింట్ జాన్స్, విలనోవా అనే మూడు ఈ కాన్ఫరెన్స్‌వే అయ్యాయి. ఆ సీజన్‌లో కాన్ఫరెన్స్ ఆటలు రెండింటిలోనూ జార్జ్‌టౌన్ చేతిలో ఓడిన విలనోవా, ఫైనల్లో 28 షాట్లలో 22 వేసి 66–64తో అదే జట్టును ఓడించింది. అంచనాల సమీక్షకు ఆ ఆట ఇప్పటికీ పనికివచ్చే హెచ్చరిక.

తర్వాతి దశాబ్దాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ తెచ్చే ఆదాయం కళాశాల క్రీడలను శాసించడం మొదలై, ఫుట్‌బాల్ ప్రధానంగా ఉన్న సభ్యులు ఒక్కొక్కటిగా వేరే కాన్ఫరెన్స్‌లకు తరలిపోయాయి. 2013లో ఏడు కేథలిక్ విద్యాసంస్థలు బిగ్ ఈస్ట్ పేరును తమతో ఉంచుకుని విడిపోయి, బట్లర్, క్రైటన్, జేవియర్‌లను కలుపుకున్నాయి. 2020లో కనెక్టికట్ తిరిగివచ్చింది. ఇప్పుడున్న పదకొండింటిలో కనెక్టికట్ ఒక్కటే ప్రభుత్వ విశ్వవిద్యాలయం. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, షికాగో, మిల్వాకీ, సిన్సినాటీ, ఇండియానాపొలిస్, ఒమాహా వంటి నగరాల్లోనూ వాటి పరిసరాల్లోనూ సభ్యులు విస్తరించి ఉన్నాయి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో సీటన్ హాల్, షికాగోలో డీపాల్ ఉండటం వల్ల, ఆ ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలకు ఈ జట్ల పేర్లు పరిచితమే.

ఈ కాన్ఫరెన్స్‌ను అంచనాల పరీక్షకు ఎంచుకోవడానికి బలమైన కారణం దాని షెడ్యూలు. పదకొండు జట్లలో ప్రతి ఒక్కటీ మిగిలిన పదింటితో సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి తలపడుతుంది కాబట్టి అందరికీ 20 ఆటలే, ప్రత్యర్థులూ వాళ్ళే. పద్దెనిమిది సభ్యులున్న బిగ్ టెన్, ఏసీసీ వంటి చోట్ల ఇది సాధ్యం కాదు; అక్కడ ఒక జట్టుకు తేలిక ప్రత్యర్థులు రెండుసార్లు ఎదురుపడితే ఇంకొక జట్టుకు గట్టి ప్రత్యర్థులు రెండుసార్లు ఎదురుపడతారు. బిగ్ ఈస్ట్‌లో అలాంటి సాకు లేదు గనుక, అంచనా తప్పితే దానికి కారణం షెడ్యూలులో కాక జట్లలోనో, అంచనా వేసిన పద్ధతిలోనో వెతకవలసి ఉంటుంది.

నాలుగు సీజన్ల అనుభవం

సీజన్ ముందు బిగ్ ఈస్ట్ కోచ్‌లు ఓటు వేసి స్థానాల జాబితా ప్రకటిస్తారు. కోచ్ తన సొంత జట్టుకు ఓటు వేయకూడదు. ప్రత్యర్థులను దగ్గరగా చూసేవాళ్ళు, ఆటగాళ్ళను స్కూలు రోజుల నుంచి గమనించినవాళ్ళు వేసే ఓటు కాబట్టి ఇది అన్నిటికన్నా విశ్వసనీయంగా ఉండాలి. అయితే 2021–22 నుంచి 2024–25 దాకా వరసగా నాలుగు సీజన్లలో కోచ్‌లు మొదటి స్థానమిచ్చిన జట్టు రెగ్యులర్ సీజన్ టైటిల్ గెలవలేకపోయింది. రెగ్యులర్ సీజన్ అంటే మార్చి నాటి టోర్నమెంటుకు ముందు జరిగే ఆటల మొత్తం.

2021–22లో విలనోవాకు మొదటి స్థానం ఇవ్వగా, ఏడో స్థానంలో ఉంచిన ప్రావిడెన్స్ 14 గెలిచి 3 ఓడి విజేత అయింది. కోవిడ్ కారణంగా కొన్ని ఆటలు రద్దై, జట్లు ఆడిన ఆటల సంఖ్య సమానం కాకపోవడంతో, 16 గెలిచిన విలనోవా శాతం లెక్కలో వెనకబడింది. 2022–23లో క్రైటన్ మీద ఆశలు పెట్టుకోగా, పదకొండింటిలో తొమ్మిదో స్థానమిచ్చిన మార్క్వెట్ 17–3తో, అంటే 17 గెలుపులు, 3 ఓటములతో, రెగ్యులర్ సీజన్‌నూ కాన్ఫరెన్స్ టోర్నమెంటునూ గెలుచుకుంది. అదే ఏడాది కనెక్టికట్ జాతీయ విజేత అయింది. 2023–24లో మార్క్వెట్‌ను ముందు నిలిపితే, మూడో స్థానమిచ్చిన కనెక్టికట్ 18–2తో కాన్ఫరెన్స్‌నూ, ఫైనల్లో పర్‌డ్యూను 75–60తో ఓడించి వరసగా రెండో జాతీయ టైటిల్‌నూ సాధించింది. 2024–25లో కనెక్టికట్‌కు పట్టం కట్టగా అది 14–6తో మూడో స్థానంలో ఆగిపోయింది, అయిదో స్థానమిచ్చిన సెయింట్ జాన్స్ 18–2తో అగ్రస్థానం అందుకుంది.

ఈ నాలుగు సందర్భాల్లో ఒక పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. 2023–24 మార్క్వెట్, 2024–25 కనెక్టికట్ మొదటి స్థానం పొందింది అంతకు ముందు సీజన్ విజయాల వల్లే. అంటే ఓటులో భవిష్యత్తు కన్నా గతానికి ఎక్కువ బరువు పడింది. ఇందుకు భిన్నంగా 2022–23 మార్క్వెట్‌కు కింది స్థానం రావడానికి కారణం ముందరి ఏడాది దాని ప్రధాన ఆటగాడు జస్టిన్ లూయిస్ వెళ్ళిపోవడం. వెళ్ళినవాళ్ళ లోటు అందరికీ కనిపించింది. టైలర్ కోలెక్ వంటి మిగిలిన యువకులు ఒక వేసవిలో ఎంత ఎదుగుతారో కోచ్‌లలో కూడా ఎక్కువమంది ఊహించలేకపోయారు. ఆ సీజన్ చివర కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది కోలెక్కే.

ఇంకొంచెం వెనక్కి వెళితే 2010–11 కనెక్టికట్ ఉదాహరణ మరీ విలువైనది. అప్పటి పదహారు జట్ల బిగ్ ఈస్ట్‌లో 9–9తో తొమ్మిదో స్థానానికి దిగిన ఆ జట్టు, కెంబా వాకర్ నాయకత్వంలో కాన్ఫరెన్స్ టోర్నమెంటులో అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలిచి, ఆపైన జాతీయ టైటిల్ కూడా గెలుచుకుంది. ముందస్తు జాబితాలే కాదు, 18 ఆటలు ముగిశాక ఏర్పడిన జాబితా కూడా ఆ జట్టు అసలు సత్తాను చెప్పలేకపోయింది.

జట్లు ఏటా మారిపోవడం

ఒకప్పుడు కళాశాల జట్టును అంచనా వేయడం కొంత సులువుగా ఉండేది. ఆటగాడు నాలుగేళ్ళు ఒకే చోట చదివేవాడు. వేరే విశ్వవిద్యాలయానికి మారితే ఒక సీజన్ ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. మొదటి ఏడాది విద్యార్థులలో ఎవరు ఎదుగుతారు, చివరి ఏడాదివాళ్ళ స్థానం ఎవరు తీసుకుంటారు అన్న రెండు లెక్కలతో చాలావరకు పని జరిగేది. ఈ వ్యవస్థ కొద్ది సంవత్సరాల్లోనే పూర్తిగా మారిపోయింది.

2018లో ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే నమోదు పట్టీని ప్రవేశపెట్టింది. ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుంటే ఇతర విశ్వవిద్యాలయాల కోచ్‌లు అతనితో మాట్లాడవచ్చు. 2021లో ఒకసారి మారినందుకు సీజన్ పోగొట్టుకోనక్కరలేదన్న నియమం, 2024లో ఎన్నిసార్లు మారినా అదే వెసులుబాటు వచ్చాయి. కోవిడ్ వల్ల 2020–21లో ఆడినవారందరికీ అదనంగా ఇచ్చిన ఒక సంవత్సరం మరో చిక్కు తెచ్చింది: ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ ఆటగాళ్ళు కొన్నేళ్ళ పాటు జట్లలో నిండి ఉన్నారు. ఆ తరం దాదాపుగా 2024–25తో ముగిసింది కాబట్టి, అనుభవం వల్ల గెలిచిన జట్లకు ఈ ఏడాది ఆ ఆసరా తగ్గుతుంది.

డబ్బు విషయంలో మార్పు ఇంకా లోతైనది. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, రూపం, గుర్తింపులను ప్రకటనలకు వాడుకునేందుకు అనుమతించి డబ్బు తీసుకోవచ్చు. దీన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. హౌస్ కేసుగా పేరుపడ్డ వ్యాజ్యంలో కుదిరిన ఒప్పందాన్ని 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించడంతో, విశ్వవిద్యాలయాలే తమ క్రీడా ఆదాయంలో వాటాను ఆటగాళ్ళకు నేరుగా చెల్లించే ఏర్పాటు 2025–26 నుంచి అమలులోకి వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

ఇక్కడే బిగ్ ఈస్ట్ ప్రత్యేకత ముందుకు వస్తుంది. పెద్ద ఫుట్‌బాల్ జట్లున్న విద్యాసంస్థలు ఆ మొత్తంలో అధిక భాగాన్ని ఫుట్‌బాల్‌కే కేటాయించవలసి ఉండగా, అత్యున్నత స్థాయి ఫుట్‌బాల్ ఆడేది కనెక్టికట్ ఒక్కటే అయిన ఈ కాన్ఫరెన్స్‌లో బాస్కెట్‌బాల్ మీదనే ఖర్చు కేంద్రీకరించే అవకాశం ఉంది. మరోపక్క ఫుట్‌బాల్ తెచ్చే టెలివిజన్ ఆదాయం వీటికి లేదు. ఫాక్స్, ఎన్‌బీసీ, టీఎన్‌టీలతో 2025–26 నుంచి మొదలవుతున్న ఆరేళ్ళ ప్రసార ఒప్పందం పూర్తిగా బాస్కెట్‌బాల్ బలం మీద కుదుర్చుకున్నది. ఒకే ఆటను నమ్ముకున్న కాన్ఫరెన్స్ కొత్త ఆర్థిక వ్యవస్థలో నిలదొక్కుకుంటుందా అన్నది, ఈ సీజన్‌లో ఎవరు గెలుస్తారన్న ప్రశ్న కన్నా పెద్దది.

గణాంక నమూనాల శక్తి, పరిమితి

ఓటుకు ప్రత్యామ్నాయంగా వచ్చిన గణాంక పద్ధతికి మూలం పొజెషన్ అనే భావన. ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి అది ప్రత్యర్థి చేతికి పోయేవరకు ఒక పొజెషన్. వేగంగా ఆడే జట్టు ఎక్కువ పాయింట్లు చేసినంత మాత్రాన మెరుగైనది కాదు కాబట్టి, వంద పొజెషన్లకు ఎన్ని పాయింట్లు చేసింది, ఎన్ని ఇచ్చింది అన్న లెక్కను ప్రత్యర్థుల బలాన్ని బట్టి సవరించి కెన్ పోమరాయ్ తన రేటింగులు రూపొందించారు. డీన్ ఆలివర్ 2004 నాటి తన పుస్తకంలో, గెలుపును నిర్ణయించేవి ప్రధానంగా షాట్ల నాణ్యత, బంతిని పోగొట్టుకోవడం, రీబౌండ్లు, ఫ్రీ త్రోలు అనే నాలుగు అంశాలని వివరించి, ఈ క్రమంలోనే వాటికి ప్రాధాన్యం ఇచ్చారు.

సీజన్ మధ్యలో ఈ నమూనాలు చక్కగా పనిచేస్తాయి. సీజన్ ముందు మాత్రం అవి తిరిగివచ్చే ఆటగాళ్ళ పాత గణాంకాలు, కొత్తవారి స్కూలు స్థాయి ర్యాంకులు, ఆ విశ్వవిద్యాలయం గత కొన్నేళ్ళ ప్రమాణం మీద ఆధారపడక తప్పదు. చిన్న కాన్ఫరెన్స్‌లో సగటున పద్దెనిమిది పాయింట్లు చేసిన ఆటగాడు పెద్ద కాన్ఫరెన్స్‌లో ఎన్ని చేస్తాడో, బంతి తన చేతిలోనే ఉండాలనుకునే ముగ్గురు ఒకే జట్టులో చేరితే ఏమవుతుందో ఏ సూత్రమూ కచ్చితంగా చెప్పలేదు.

అంతకన్నా మౌలికమైన పరిమితి యాదృచ్ఛికతది. కళాశాల ఆటల్లో తుది పాయింట్ల తేడా ఊహించినదానికి అటూ ఇటూగా పది పదకొండు పాయింట్లు మారడం మామూలు. ఈ లెక్కన ప్రత్యర్థి కన్నా అయిదు పాయింట్లు మెరుగైన జట్టు మూడు ఆటల్లో సుమారు రెండు గెలుస్తుంది. ఇరవై ఆటల కాన్ఫరెన్స్‌లో అలాంటి జట్టు పదమూడు గెలవాలని అంచనా వేస్తే, బలంలో ఏ మార్పూ లేకుండానే రెండు గెలుపులు ఎక్కువో తక్కువో రావచ్చు. 2024–25లో 15–5, 14–6, 13–7, 13–7తో రెండో స్థానం నుంచి అయిదో స్థానం దాకా నాలుగు జట్లు రెండే గెలుపుల తేడాలో సర్దుకున్నాయి. అంటే మధ్య స్థానాల వరసను కచ్చితంగా చెప్పడం ఏ నిపుణునికీ సాధ్యమయ్యే పని కాదు. జట్లను పైవరస, నడివరస, కిందివరస అని శ్రేణులుగా విభజించడం మాత్రం సాధ్యం. డీపాల్ 2023–24లో 0–20తో, సీటన్ హాల్ 2024–25లో 2–18తో ముగించినట్టు, శ్రేణుల మధ్య అంతరం ఎంతో నిజమైనది.

2025–26: జట్లవారీగా

ఈసారి కోచ్‌లు సెయింట్ జాన్స్‌కు మొదటి స్థానం, కనెక్టికట్‌కు రెండు, క్రైటన్‌కు మూడు ఇచ్చారు. మొదటి రెండు జట్లూ విలేఖరులు వేసే జాతీయ స్థాయి ముందస్తు ఓటులో మొదటి అయిదు స్థానాల్లో ఉన్నాయి.

సెయింట్ జాన్స్‌కు 2023లో రిక్ పిటినో కోచ్‌గా వచ్చాక రెండో సీజన్‌లోనే జట్టు 31–5 రికార్డు సాధించింది. కాన్ఫరెన్స్ టోర్నమెంటును 2000 తర్వాత మొదటిసారి గెలిచింది. అయితే జాతీయ టోర్నమెంటు రెండో రౌండ్లో ఆర్కన్సా చేతిలో ఓడిన ఆటలో 22 మూడు పాయింట్ల షాట్లలో రెండే పడ్డాయి. సీజనంతా రక్షణ కప్పిపుచ్చిన లోపం ఆ ఒక్క రోజు బయటపడింది. కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడు ఆర్‌జే లూయిస్, బంతి నడిపిన కేడరీ రిచ్‌మండ్ సహా ముఖ్యులు చాలామంది వెళ్ళిపోయారు. వారి స్థానంలో నార్త్ కెరొలైనా నుంచి ఇయన్ జాక్సన్, అరిజోనా స్టేట్ నుంచి జోసన్ సానన్, స్టాన్‌ఫర్డ్ నుంచి ఓజయా సెల్లర్స్, సిన్సినాటీ నుంచి డిల్లన్ మిచెల్, ప్రావిడెన్స్ నుంచి బ్రైస్ హాప్కిన్స్ చేరారు. షాట్లు వేసే శక్తి పెరిగిన మాట వాస్తవమే గాని, వీరిలో జట్టును నడిపే పాయింట్ గార్డుగా ఎదిగినవారు లేరు. మోకాలి గాయం వల్ల గత సీజన్‌ను దాదాపు పూర్తిగా కోల్పోయిన హాప్కిన్స్ పూర్వపు స్థాయిని అందుకోవలసి ఉంది. ఈ కొత్త సమూహానికంతటికీ ఇరుసులా నిలవవలసినవాడు తిరిగివచ్చిన జూబీ ఎజియోఫర్ ఒక్కడే. కోచ్‌లు ఇక్కడ ఓటు వేసింది ఆటగాళ్ళ పేర్ల కన్నా పిటినో పద్ధతికి అనుకోవచ్చు.

కనెక్టికట్ స్థితి దీనికి పూర్తిగా భిన్నం. డాన్ హర్లీ శిక్షణలో రెండు జాతీయ టైటిళ్ళు గెలిచిన జట్లలో ఆడిన అలెక్స్ కారబాన్ మరొక ఏడాదికి తిరిగివచ్చాడు. సోలో బాల్, టారిస్ రీడ్ కూడా ఉన్నారు. గత సీజన్‌లో ఆ జట్టు మావీ టోర్నమెంటులో మూడు రోజుల్లో మూడు ఆటలు ఓడిపోవడానికీ, చివరి దాకా తడబడటానికీ బలమైన గార్డులు లేకపోవడం, రక్షణ సడలడం ముఖ్య కారణాలు. జార్జియా నుంచి సైలస్ డెమరీ, డేటన్ నుంచి మలకై స్మిత్ రావడం ఆ లోటుకు నేరుగా వేసిన మందు. మొదటి ఏడాది విద్యార్థి బ్రేలన్ మలిన్స్ షాట్ల నైపుణ్యం మీద పెద్ద ఆశలున్నాయి. 2025లో జాతీయ విజేత అయిన ఫ్లోరిడాతో రెండో రౌండ్లో 77–75 దాకా పోరాడిన జట్టు కాబట్టి, కొనసాగింపు, సరైన చోట మరమ్మతు రెండూ కలిసిన ఈ జట్టుకే మొదటి స్థానం ఇవ్వడం ఎక్కువ సమంజసం.

క్రైటన్‌లో ప్రశ్న ఒకే వ్యక్తి చుట్టూ తిరుగుతుంది. కాన్ఫరెన్స్ ఉత్తమ రక్షకుడిగా నాలుగుసార్లు ఎంపికైన ఏడడుగుల సెంటర్ రయన్ కాల్క్‌బ్రెనర్ అయిదేళ్ళ తర్వాత వెళ్ళిపోయాడు. అతడు బుట్ట దగ్గర కాపలా ఉంటాడన్న భరోసాతోనే కోచ్ గ్రెగ్ మెక్‌డర్మట్ రక్షణ వ్యూహమంతా నడిచింది. అయొవా నుంచి వచ్చిన ఓవెన్ ఫ్రీమన్, జాష్ డిక్స్ నైపుణ్యమున్నవాళ్ళే గాని, అదే వ్యూహాన్ని వేరే శరీరాలతో నడపగలరా అన్నది జనవరి దాకా తేలదు.

మార్క్వెట్ వేరే దారి ఎంచుకుంది. దేశమంతా పోర్టల్ వెంట పరుగెత్తుతుండగా కోచ్ షాకా స్మార్ట్ ఈ వేసవిలో కూడా బదిలీ ఆటగాళ్ళెవరినీ తీసుకోకుండా, తన దగ్గరున్నవాళ్ళనే పెంచుకునే విధానానికి కట్టుబడ్డాడు. కామ్ జోన్స్, డేవిడ్ జాప్లిన్, స్టీవీ మిచెల్ ముగ్గురూ ఒకేసారి చదువు ముగించడంతో ఈ విధానానికి ఇంతవరకు ఎదురుకాని కఠినమైన పరీక్ష ఎదురైంది. 2022–23లో ఇదే జట్టును తక్కువ అంచనా వేసిన అనుభవం ఉంది గనుక తొందరపడి కొట్టిపారేయడం తగదు. అయితే ఆనాడు కోలెక్ ఉన్నాడన్నదీ మరవరాదు. ఈ పద్ధతి ఫలిస్తే, చదువుకునే చోటే ఆటగాడు ఎదగాలన్న పాత విలువకు కొత్త వ్యవస్థలో కూడా చోటుందని తేలుతుంది. అందుకే ఈ జట్టు ఫలితానికి కాన్ఫరెన్స్ హద్దులు దాటిన ప్రాముఖ్యం ఉంది.

కోచ్‌లు మారిన జట్లు రెండు. 2016, 2018లలో జాతీయ టైటిళ్ళు తెచ్చిన జే రైట్ 2022లో విరమించుకున్నాక విలనోవా మూడేళ్ళుగా జాతీయ టోర్నమెంటుకు దూరమైంది. ఇప్పుడు మేరీల్యాండ్ నుంచి, ఇదే కాన్ఫరెన్స్‌లో సీటన్ హాల్‌ను నడిపిన అనుభవమున్న కెవిన్ విల్లర్డ్ వచ్చాడు. గత సీజన్‌లో దేశంలోనే అత్యధిక పాయింట్ల సగటు సాధించిన ఎరిక్ డిక్సన్ వెళ్ళిపోవడంతో విల్లర్డ్ కొత్త జట్టును మొదటినుంచీ కట్టుకోవాలి. జేవియర్‌లో షాన్ మిల్లర్ టెక్సస్‌కు వెళ్ళగా న్యూ మెక్సికో నుంచి రిచర్డ్ పిటినో వచ్చాడు. అతడు రిక్ పిటినో కుమారుడు కాబట్టి తండ్రీకొడుకులు ఈ ఏడాది కాన్ఫరెన్స్‌లో కనీసం రెండుసార్లు తలపడతారు. జట్టు దాదాపు పూర్తిగా కొత్తది కావడంతో జేవియర్ స్థానం చెప్పడం అన్నిటికన్నా కష్టం.

ప్రావిడెన్స్, జార్జ్‌టౌన్, బట్లర్ మూడూ నడివరసలో పైకి రాగల జట్లు. ప్రావిడెన్స్ కోచ్ కిమ్ ఇంగ్లిష్‌కు వాండర్‌బిల్ట్ నుంచి వచ్చిన జేసన్ ఎడ్వర్డ్స్ పాయింట్లు తెస్తాడు. జార్జ్‌టౌన్ కోచ్ ఎడ్ కూలీకి సెంటర్ థామస్ సోర్బర్ ఒక్క ఏడాదికే ఎన్‌బీఏకు వెళ్ళిన లోటు ఉన్నా, అరిజోనా నుంచి వచ్చిన కేజే లూయిస్, కొనసాగుతున్న మలిక్ మాక్ రూపంలో గార్డుల బలం ఉంది. డీపాల్‌లో కోచ్ క్రిస్ హోల్ట్‌మన్ పునాది వేసే పని కొనసాగిస్తున్నాడు. సీటన్ హాల్‌కు అందరూ అట్టడుగు స్థానమిచ్చినా, దాని కోచ్ షహీన్ హాలోవే జట్లు రక్షణలో ఎప్పుడూ కష్టపెట్టేవే.

డిసెంబరులోనే తేలే భవితవ్యం

కాన్ఫరెన్స్ లోపలి ఆటల్లో ఒక జట్టు గెలుపు మరొక జట్టు ఓటమి. 110 ఆటలకు 110 గెలుపులు, 110 ఓటములు ఉండక తప్పదు. కాబట్టి మొత్తం కాన్ఫరెన్స్ స్థాయి పెరిగేదీ తగ్గేదీ బయటి జట్లతో నవంబరు, డిసెంబరు నెలల్లో ఆడే ఆటల్లోనే. ఎన్‌సీఏఏ ఎంపిక సంఘం 2018–19 నుంచి నెట్ అనే ర్యాంకు పద్ధతి వాడుతోంది. అందులో ప్రత్యర్థి ర్యాంకును బట్టి, ఆట జరిగిన చోటును బట్టి గెలుపులను నాలుగు తరగతులుగా విభజిస్తారు. సొంత మైదానంలో మొదటి 30 జట్లలో ఒకదానిపై గెలుపు, తటస్థ మైదానంలో మొదటి 50లో ఒకదానిపై గెలుపు, ప్రత్యర్థి మైదానంలో మొదటి 75లో ఒకదానిపై గెలుపు మొదటి తరగతి కిందకు వస్తాయి. డిసెంబరు చివరికి సభ్య జట్ల ర్యాంకులు పడిపోతే, జనవరిలో వాటిపై సాధించిన గెలుపులకు కూడా విలువ తగ్గుతుంది.

ఈ నష్టం 2024లో ప్రత్యక్షంగా కనిపించింది. కాన్ఫరెన్స్ ఆటల్లో 13–7 సాధించిన సీటన్ హాల్‌కు జాతీయ టోర్నమెంటులో చోటు దక్కలేదు. ఆ ఏడాది బిగ్ ఈస్ట్ నుంచి మూడు జట్లే ఎంపికయ్యాయి. 2025లో ఆ సంఖ్య అయిదుకు పెరిగినా, అదే సంవత్సరం ఎస్ఈసీ కాన్ఫరెన్స్ నుంచి 14 జట్లు వెళ్ళాయన్నది గమనించాలి. ఈ దృష్టితో చూస్తే కనెక్టికట్ ఈసారి అరిజోనా, బీవైయూ, ఇల్లినాయ్, కాన్సస్, ఫ్లోరిడా, టెక్సస్‌లతో, సెయింట్ జాన్స్ అలబామా, కెంటకీలతో ఆటలు కుదుర్చుకోవడం సొంత ప్రతిష్ఠకే కాక మొత్తం కాన్ఫరెన్స్‌కు మేలు చేసే నిర్ణయం. అయితే ఇద్దరు పెద్దల గెలుపులు మాత్రమే చాలవు. నాలుగో స్థానం నుంచి ఎనిమిదో స్థానం దాకా ఉండే జట్లు నవంబరులో తేలిక ప్రత్యర్థుల చేతిలో ఓడకుండా ఉండటం, చోట్ల సంఖ్య పెరగడానికి అంతకన్నా అవసరం.

మహిళల విభాగం నేర్పే పాఠం

అంచనాలన్నీ వ్యర్థమన్న నిర్ణయానికి రాకుండా కాపాడేది మహిళల విభాగం. జీనో ఆరియెమ్మా శిక్షణలోని కనెక్టికట్ మహిళల జట్టు 2020లో బిగ్ ఈస్ట్‌కు తిరిగివచ్చినప్పటి నుంచి 2024–25 దాకా ప్రతి సీజన్‌లోనూ రెగ్యులర్ సీజన్, టోర్నమెంటు టైటిళ్ళు రెండూ గెలిచింది. 2025లో సౌత్ కెరొలైనాను 82–59తో ఓడించి పన్నెండో జాతీయ టైటిల్ సాధించింది. పేజ్ బెకర్స్ వెళ్ళిపోయినా, సారా స్ట్రాంగ్, అజీ ఫడ్ ఉన్నందున ఈసారి కూడా ఆ జట్టుకే మొదటి స్థానమివ్వడంలో సాహసమేమీ లేదు. జట్ల మధ్య బలంలో తేడా యాదృచ్ఛికతను మించినప్పుడు అంచనా నిలుస్తుంది, మించనప్పుడు నిలవదు అన్న సూత్రం ఇక్కడ రుజువవుతుంది. పురుషుల విభాగంలో అంచనాలు తప్పడం అంచనా వేసేవాళ్ళ అసమర్థతకు కాక, పైనున్న మూడు నాలుగు జట్ల మధ్య తేడా చాలా స్వల్పమన్న నిజానికి సాక్ష్యం.

ముగింపు

ఇప్పటిదాకా సాగిన పరిశీలన నుంచి తేలేవి ఇవి. కోచ్‌ల ఓటు గతానికి ఎక్కువ బరువిస్తుంది, ఆటగాళ్ళ ఎదుగుదలను తక్కువగా లెక్కిస్తుంది. గణాంక నమూనా పక్షపాతం లేనిదే అయినా, కలిసి ఆడని ఆటగాళ్ళ గురించి దానికి చెప్పగలిగింది తక్కువ. ఈ రెండు లోపాలూ జట్లు ఏటా సగానికి పైగా మారే ఈ కాలంలో పెరుగుతాయే గాని తగ్గవు. కాబట్టి ముందస్తు సమీక్ష రాసేవారు స్థానాలను శ్రేణులుగా ఇచ్చి, ప్రతి శ్రేణికీ అది ఏ షరతుపై నిలిచిందో, ఆ షరతు తేలడానికి ఏ ఆటలు చూడాలో కూడా చెప్పడం పాఠకులకు న్యాయం చేయడమవుతుంది.

ఆ పద్ధతిలో చెప్పాలంటే, 2025–26లో కనెక్టికట్, సెయింట్ జాన్స్ పైవరసలో ఉన్నాయి. వాటిలో కనెక్టికట్ ముందుంటుందన్న అభిప్రాయం డెమరీ ఆ జట్టు రక్షణను నిలబెడతాడన్న షరతుపై, సెయింట్ జాన్స్ ముందుంటుందన్న అభిప్రాయం బంతిని నడిపే మనిషి దొరుకుతాడన్న షరతుపై ఆధారపడి ఉన్నాయి. క్రైటన్ ఆ వరసలో చేరాలంటే కాల్క్‌బ్రెనర్ లేని రక్షణ కుదురుకోవాలి. మార్క్వెట్, విలనోవా, ప్రావిడెన్స్, జార్జ్‌టౌన్, జేవియర్, బట్లర్ నడివరసలో ఏ క్రమంలోనైనా ఉండవచ్చు. వాటిలో కనీసం మూడు డిసెంబరు చివరికి మంచి ర్యాంకులతో బయటపడితే అయిదు లేదా ఆరు జట్లు జాతీయ టోర్నమెంటుకు వెళ్ళగలవు. ఒకే ఆటను నమ్ముకుని 2013లో కొత్తగా మొదలైన కాన్ఫరెన్స్, ఆదాయంలో తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవైన ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌ల పక్కన సమాన హోదాతో నిలవాలని కోరుకునేవారు మార్చిలో విజేత ఎవరన్నదానికన్నా, ఆ నడివరస జట్లు డిసెంబరులో ఎలా ఆడతాయన్నదాన్నే ఎక్కువ శ్రద్ధగా గమనించాలి. కాన్ఫరెన్స్ భవిష్యత్తును నిర్ణయించే ఆటలు అవే.